పొరుగింటి పులుపు

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. శాలిబండలో మా పొరుగింటి నుంచి నాకు ముట్టింది పుల్లకూర కాదు, పుల్లనీళ్లు. ఒక గాజు సీసాలో పోసి, పిట్టగోడ మీదుగా చేయి చాపి అందించారు పక్కింటి ఖాలా. "సిర్కా, బేటీ. నీ కెటిల్‌కి మందు" అన్నారు. సిర్కా అంటే మరేదో అనుకునేరు, దుకాణాల్లో వెనిగర్ అని చీటీ అంటించి అమ్ముతారే, అదే.

మన ఇళ్లలో పులుపంటే చింతపండే కదా. పులుసుకీ అదే, పులిహోరకీ అదే, పిసికి తీసేసిన పిప్పి ఇత్తడి బిందెకీ అదే. చింతపండు పిప్పిని అవతల పారేసే మనిషి మా అమ్మ లెక్కలో ఇల్లాలే కాదు. ఆషాఢమాసంలో లాల్‌దర్వాజా బోనాల ముందురోజు మా సందులో ఏ గడప ముందు చూసినా చింతపండు, ఉప్పు, కాస్త ముగ్గుపిండి, మోచేతులదాకా నల్లబడ్డ చేతులూ కనిపిస్తాయి. మర్నాటికి ఇత్తడి బోనాలు బంగారంలా ధగధగలాడుతుంటాయి. మరి ఇంత పులుపు ఇంట్లో ఉండగా డబ్బు పోసి కొనుక్కునే పులుపెందుకే అని మా అత్తగారు అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం కెటిల్లో దొరుకుతుంది.

ఒకప్పుడు హైదరాబాదులో నీళ్లంటే గండిపేట నీళ్లే. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచేసిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద మూసీకి ఎగువన కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. గండిపేట ఊరి దగ్గరిది కనక జనం నోట గండిపేట చెరువే అయింది. ఆ నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలి పోలేడని ఒక మాట కూడా ఉంది. ఆ నీళ్లలో పప్పు ఇట్టే ఉడికేదనీ, తల రుద్దుకుంటే జుట్టు పట్టులా ఉండేదనీ మా అత్తగారు తలుచుకోని రోజు లేదు. తర్వాత ఊరు పెరిగింది, చెరువు పెరగలేదు. 2004లో కృష్ణ నీళ్లు నగరానికి వచ్చాయి. వచ్చే రోజున వస్తాయి, రాని రోజున బోరే దిక్కు. ఆ బోరునీళ్లే మన కథకి మూలం.

చూడ్డానికి బోరునీళ్లు తేటగానే ఉంటాయి. అందులో సున్నపు సంబంధమైన లవణాలు కరిగిపోయి, కంటికి ఆనకుండా దాక్కుని ఉంటాయి. నీళ్లు మరిగేసరికి బయటపడి గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటాయి. కెటిల్లో, గీజరులో, కుళాయి మూతిలో, జల్లు స్నానం గొట్టం చిల్లుల్లో, ఎక్కడ చూసినా అదే తెలుపు. పీచు పెట్టి తోమితే పోదు, సబ్బుకి లొంగదు, గీకితే గిన్నె పోతుంది గాని అది పోదు. పొర మందమైనకొద్దీ నీళ్లు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది, కరెంటు బిల్లు మావారి చేతికి వస్తుంది, ఆ తర్వాతి సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

ఖాలా చెప్పిన పద్ధతి ఇదీ. కెటిల్‌లో సగం సిర్కా, సగం నీళ్లు పోయాలి. ఒక పొంగు రానిచ్చి ఆపేసి, గంటసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపట వినిపిస్తుంది. సిర్కాలోని అసెటిక్ ఆమ్లం సున్నాన్ని పట్టుకుని కరిగించేస్తుంటే, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పైకి వస్తుందన్నమాట. పారబోసి, రెండుసార్లు మంచినీళ్లు మరిగించి ఆ నీళ్లనీ పారబోస్తే కెటిల్ అడుగు కొన్ననాటిలా కనిపిస్తుంది. కుళాయి మూతికైతే సిర్కాలో తడిపిన గుడ్డ చుట్టి, అరగంట ఉంచి, తీసి కడిగేస్తే చాలు. అంతకుమించి ఉంచితే పైపూత పాడవుతుంది.

చింతపండుతో ఈ పని చెయ్యకూడదా అంటారా? చెయ్యవచ్చు. నిమ్మరసంతోనూ చెయ్యవచ్చు. కాకపోతే చింతపండు నీళ్లు మరిగిస్తే కెటిల్‌కి కొత్త మరకలు, గొట్టంలో గుజ్జు, దాన్ని కడగడానికి మరో పూట. సిర్కా నీళ్లలా వచ్చి నీళ్లలా పోతుంది. వాసన ఘాటే, కాదనను, కాని కిటికీ తీసి ఉంచితే గంటలో అదీ పోతుంది. మా అత్తగారి ప్రశ్నకి జవాబు ఇంతే: ఇత్తడికి చింతపండును మించింది లేదు, సున్నపు పొరకి సిర్కా సుఖం.

ఇంతకీ ఈ సిర్కా పుట్టుక చిత్రమైనది. తీపి రసం ఏదైనా సరే, చెరకుగాని, నేరేడుగాని, ద్రాక్షగాని, మొదట పులిసి మత్తెక్కించే సరుకవుతుంది. దానికి గాలి తగలనిస్తే కంటికి కనిపించని క్రిములు పట్టి ఆ మత్తును ఆమ్లంగా మార్చేస్తాయి. ఆ క్రిముల సంగతి 1864లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ నిరూపించాడు. మన తాటికల్లు పొద్దెక్కేకొద్దీ నోట పెట్టలేనంత పులిసిపోవడంలో కూడా వీటి చెయ్యి ఉంది. ఖాలా అత్తవారింట్లో చెరకు రసం జాడీలో పోసి, వాసెన కట్టి, నెలల తరబడి ఎండలో ఉంచేవారట. "సారా మాకు హరామ్, సిర్కా హలాల్" అని ఆవిడ నవ్వుతారు. మంచి వ్యంజనమని ప్రవక్త దీన్ని మెచ్చుకున్నట్టు హదీసుల్లో ఉందట. యునానీ వైద్యులు సిర్కానీ తేనెనీ కలిపి కాచిన సికంజబీన్ వాడతారు. చార్మినార్ దగ్గర నిజామియా ఆసుపత్రి ఉన్న ఊరు మనది, ఆ మాటలు ఇక్కడ వీధిలోనే చెవిన పడుతుంటాయి.

బక్రీదు వెళ్లిన మర్నాడు ఆవిడ వంటింటి గట్టూ, ఫ్రిజ్జూ, కత్తిపీటా సిర్కా నీళ్లతో తుడుస్తారు. నీసు వాసన చేతులకి కూడా మిగలదు. అది చూసి నేను ఫ్రిజ్జుకి మొదలుపెట్టాను. మా ఇంట్లో నీసు లేకపోయినా మాగాయా ఇంగువా ఉన్నాయి కదా, అవి రెండూ కలిస్తే ఏమంత తక్కువ తినవు. ఒక గ్లాసు సిర్కాకి మూడు నాలుగు గ్లాసుల నీళ్లు కలిపి, పాత పత్రిక ఉండచుట్టి ముంచి తుడిస్తే కిటికీ అద్దాలు తళతళలాడతాయి. అందుకేనేమో ఈ వారపత్రికలు పాతబడ్డా అమ్మబుద్ధి కాదు నాకు.

కొనేటప్పుడు చీటీ చదవండి. సింథటిక్ అని ఉంటే అసెటిక్ ఆమ్లాన్ని నీళ్లలో పలుచన చేసింది. తుడవడానికి అది చాలు, చవక కూడా. నోట్లోకి వెళ్లేదానికైతే రసం పులియబెట్టి చేసినదే తెచ్చుకోవడం మేలు. రెంటిలోనూ ఆమ్లం నూటికి నాలుగైదు పాళ్లే ఉంటుంది. గ్లేసియల్ అని పేరున్న చిక్కటి ఆమ్లం వేరు, అది చర్మాన్ని కాల్చేస్తుంది, వంటింటి గడప తొక్కనివ్వకండి. స్నానాలగది గచ్చుకి వాడే పచ్చటి ఆసిడ్ సీసా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడపిల్లల ముఖాల మీద పడ్డ ఆసిడ్ కథలు వినీ వినీ 2013లో సుప్రీంకోర్టు దాని అమ్మకానికి ఆంక్షలు పెట్టింది. ఆ సీసా ఇంట్లో లేకుండా కొంత పనైనా జరుపుకోగలగడం చిన్న లాభమేమీ కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇలాంటి చిట్కాలు అందరూ చెబుతారు. ఫోను తెరిస్తే చాలు, సిర్కాతో కడగరానిది ఈ భూమ్మీద లేదన్నట్టు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. వాళ్ల ఇళ్లు ఎలాంటివో నాకు తెలియదుగాని, పాతబస్తీలో మా ఇళ్లు సున్నపు ఇళ్లు. డంగుసున్నం గోడలు, షాబాదు బండల నేల. షాబాదు ఇప్పుడు కర్ణాటకలో కలబురగి జిల్లాలో ఉంది, 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలోదే. అక్కడి నుంచీ, ఇటు తాండూరు నుంచీ వచ్చిన బండలు పరవని పాత ఇల్లు ఈ ఊళ్లో అరుదు. బూడిదరంగులో, ఎండాకాలం కాలు పెడితే ప్రాణం లేచివచ్చేంత చల్లగా ఉంటాయి. ఆ బండ సున్నపురాయి. అంటే కెటిల్ అడుగున పేరుకున్న తెల్లపొరా, మన కాళ్లకింద ఉన్న బండా ఒక తల్లి పిల్లలే! కెటిల్‌లో పొరని తినే సిర్కాకి నేల మీద బండని చూస్తే మాత్రం దయ పుడుతుందా?

మేడ మీది వాటాలో అద్దెకున్న అమ్మాయి శుభ్రం మనిషి. మరీ శుభ్రం మనిషి. కూర్చునే గదిలో నూనె ఒలికిందని సిర్కా నేరుగా బండ మీద పోసి, పది నిమిషాలు నాననిచ్చి తుడిచింది. నూనె మరక పోయిందో లేదో తెలియదు, దాంతోపాటు ఏళ్ల తరబడి అడుగులు పడీ పడీ వచ్చిన నునుపు కూడా పోయింది. పళ్లెమంత మేర గరుగ్గా, పాలిపోయి తేలింది. "ఎంత కడిగినా మరక పోవడం లేదు పిన్నిగారూ" అంటుంది. అది మరకైతే కదమ్మా పోవడానికి! అక్కడ రాయే కొంత పోయింది. మళ్లీ సానపట్టించడం తప్ప దానికి మందు లేదు. పాలరాయికీ ఇదే గతి. బండలు తుడవడానికి మామూలు నీళ్లు, మరీ జిడ్డయితే నాలుగు చుక్కల సబ్బునీళ్లు, అంతే. మీ ఇంటి నేల ఏ రాయో తెలియకపోతే బీరువా కిందో మంచం కిందో ఒక మూల నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నగా నురగ లేచినా, తుడిచాక మచ్చ కనిపించినా అది సున్నపురాయే, సిర్కా సీసా దాని దరిదాపులకి రానివ్వకండి. సున్నం వేసిన గోడకి బూజు పట్టిందని సిర్కా చల్లేవాళ్లున్నారు. బూజుకి సున్నమే శత్రువు. కొత్తగా ఒక పూత సున్నం కొడితే సరిపోయేదానికి ఉన్న సున్నాన్ని విరగ్గొట్టుకోవడం ఎందుకు?

నేల పోతే పోయింది, కప్పుకోవడానికి చాపలున్నాయి. మా ఆడపడుచు ముత్యాల సంగతి అలా కాదు.

ఆవిడ పెళ్లికి మా అత్తగారు పత్తర్‌గట్టీలో కొనిపెట్టిన మూడు పేటల దండ అది. మూసీ వరద తర్వాత ఊరిని బాగుచేసే పనుల్లో భాగంగా కట్టిన రాతి అంగళ్ల వరస పత్తర్‌గట్టీ. ముత్యాలు కొనాలంటే ఊరంతా అక్కడికే, చార్‌కమాన్ వైపే పోతుంది. ఆవిడ కూతురి పెళ్లి కుదిరింది, దండ పెట్టె లోంచి తీస్తే ముత్యాలు పసుపు తిరిగి, జిడ్డుగా ఉన్నాయి. ఆ దండ పిల్ల మెడలో వెయ్యాలని ఆవిడ కోరిక. అత్తగారు పోయి నాలుగేళ్లయింది, ఆవిడ చేత్తో ఇచ్చినవాటిలో మిగిలింది ఆ దండ ఒక్కటే. "వదినా, నీ దగ్గర వెనిగర్ ఉందన్నావు కదూ, ఓ గిన్నెలో పోసియ్యి. పది నిమిషాలు నానేస్తే కొత్తవాటిలా అవుతాయని ఫోనులో చూపించారు" అంటూ కొంగు బిగించింది. నగలు కడుగుతున్నారు కాబోలు చూద్దామని అప్పుడే లోపలికి వచ్చిన ఖాలా దండ చూశారు, గిన్నె చూశారు. "నక్కో బేటీ, నక్కో!" అంటూ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నారు. మా ఆడపడుచు బిత్తరపోయింది.

ముత్యం కూడా సున్నమే మరి. ఆల్చిప్ప తన ఒంట్లోని సున్నపు పదార్థాన్ని పొరమీద పొరగా, అతి పల్చగా చుడితే ముత్యమవుతుంది. ఆ పొరల మధ్య కాంతి ఆడుకోవడమే దాని మెరుపు. ఈజిప్టు రాణి క్లియోపాత్రా ఆంటోనీతో పందెం వేసి, చెవి ముత్యాన్ని సిర్కాలో కరిగించి తాగేసిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నిజంగా కరగాలంటే గంటలకి గంటలు పడుతుంది, అంత సేపు విందులో ఎలా కూర్చున్నారో ఆ మహారాణికే తెలియాలి. కాని పైమెరుపు పోవడానికి అంతసేపు అక్కర్లేదు. ఒకసారి పోయాక అది తిరిగి రాదు.

ఖాలాకి క్లియోపాత్రా తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా తన పెళ్లినాటి సత్‌లడా. ఏడు పేటల ముత్యాలు, దానికి సిర్కాగాని, నిమ్మకాయగాని, అత్తరుగాని తగలనివ్వలేదు వాళ్లమ్మ. అత్తరు పూసుకుని, అది ఆరాక దండ వేసుకోవాలి. తీసేటప్పుడు మెత్తటి మల్లుగుడ్డ నీళ్లలో ముంచి, బాగా పిండి, ఒక్కొక్క పూసనీ తుడిచి, ఆరనిచ్చి, గుడ్డలో చుట్టి పెట్టాలి. దండ ముడిచి ప్లాస్టిక్ సంచిలో బిగించకూడదు. దారం వదులైతే గుచ్చించాలి, పూసకి పూసకి మధ్య ముడి వేయించాలి. ఇదంతా చెబుతూనే తన దుపట్టా అంచుతో దండ తుడవడం మొదలుపెట్టారు. మా ఆడపడుచు పక్కన చేరింది. రెండు గంటలు పట్టింది ఇద్దరికీ. పసుపు పూర్తిగా పోలేదు. ముత్యం వయసు ముత్యానిది, దాన్ని మనం కడగలేం. కాని జిడ్డు పోయి, లోపలి మెరుపు బయటపడింది. పెళ్లిలో పిల్ల మెడలో ఆ దండే ఉంది. పక్కన ఉన్న కొత్త ముత్యాలకంటే కాస్త మీగడ రంగులో, నా కంటికైతే ఇంకా బాగా ఉంది.

ఆ వేళ నుంచి మా ఇంట్లో సీసా మూత తీసేముందు, దీంట్లో సున్నముందా అని అడగడం అలవాటైంది. కోడిగుడ్డు పెంకు, గవ్వ, శంఖం, పగడం, అన్నీ ఆ ఇంటిపేరువే. బిద్రీ పాన్‌దాన్ సున్నం కాదు, అయినా పులుపు దానికి పనికిరాదు. బిద్రీలో ఎక్కువ పాలు యశదం, దాని మీద వెండి తీగ పనితనం. పులుపు యశదాన్ని తింటుంది, నల్లటి నిగ్గునీ చెరుపుతుంది. ఒక చుక్క కొబ్బరినూనె గుడ్డకి రాసి తుడిస్తే నలుపు నిగనిగలాడి, వెండి దానంతటదే పైకి తేలుతుంది.

సిర్కాలో వంటసోడా కలిపి సింకులో పొయ్యమని చెప్పేవాళ్లున్నారు చూశారూ, వాళ్లకో నమస్కారం. పొంగు బ్రహ్మాండంగా వస్తుంది. ఒకటి పులుపు, ఒకటి క్షారం, రెండూ కొట్టుకుని చల్లారాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లలాంటి నీళ్లు. విడివిడిగా రెండూ పనిమంతులే, కలిస్తే ఎవరూ పనిచెయ్యరు. ఇలాంటి తోడికోడళ్లని మనం చూడలేదా ఏం!

నవ్వుకోకుండా చెప్పవలసింది ఒకటుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి పాతబస్తీలో చాంద్రాయణగుట్ట వైపు ఎన్నో బస్తీలు మునిగాయి, చెరువు కట్టలు తెగాయి. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలిన బురదా, ఆ కంపూ భరించలేక ఇళ్లన్నిటా బ్లీచింగ్ పౌడరు చల్లారు. మంచిదే, ఆ సమయంలో క్రిముల్ని చంపడానికి అదే కావాలి, సిర్కాకి అంత శక్తి లేదు. కాని బ్లీచింగ్ చల్లినచోట వాసన విరగడానికని సిర్కా పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం కందకాల్లోని సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. తలుపేసిన చిన్న స్నానాలగదిలో అది గొంతూ ఊపిరితిత్తులూ పట్టేస్తుంది. బట్టలకి వాడే తెల్లటి బ్లీచు నీళ్లతోనూ అంతే. పొరపాటున కలిస్తే వంగి తుడవబోకండి, ఊపిరి బిగబట్టి బయటికి వచ్చేసి, తలుపులు తెరిచి వదిలెయ్యండి. ఆ రెండు సీసాలు ఒకే అలమారులో పక్కపక్కన పెట్టుకోవద్దు. పనమ్మాయికి కూడా చెప్పండి, ఆవిడకి చీటీ చదవడం రాకపోతే బ్లీచు సీసాకి ఎర్ర గుడ్డపీలిక కట్టండి. మా ఇంట్లో అలాగే కట్టాను.

మేడ మీది అమ్మాయి ఆ పాలిపోయిన బండ మీద ఒక జంపఖానా పరిచింది. నీలం చారలది, బాగుంది. మొన్న ఎవరో చుట్టాలొస్తే దాని మీద కాఫీ ఒలికిందట. "పిన్నిగారూ, సిర్కా కాస్త ఇస్తారా?" అని మెట్ల మీది నుంచే కేకేసింది. ఇచ్చాను. మరకని నీళ్లు కలిపిన సిర్కాతో అద్ది, ఉతికితే పోయింది కూడా. కాని ముందుగా ఆ జంపఖానాని చుట్టబెట్టి డాబా మీదికి మోసుకెళ్లి, అక్కడ మొదలుపెట్టింది ఉతకడం.